సాఫ్ట్‌వేర్ సొంతంగా రాయించాలా, రెడీమేడ్ కొనాలా, కొన్నదాన్ని మార్పించుకోవాలా?

బెంగళూరు పీణ్య నుంచి ఒక పాఠకురాలు పేరు వేయవద్దంటూ వివరంగా ఉత్తరం రాశారు. సారాంశం ఇది.

హిందూపురం నుంచి వచ్చిన మామగారు రెండు పాత లేత్‌లతో పెట్టిన వర్క్‌షాపు ఇప్పుడు 9 సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) మెషీన్లు, 42 మంది పనివాళ్ళు, ఏటా సుమారు 11 కోట్ల టర్నోవరు దాకా ఎదిగింది. రెండేళ్ళ కిందట ప్రైవేట్ లిమిటెడ్ చేశారు. షాపు భర్త చూస్తారు, ఆఫీసు, స్టోర్స్ ఈమె చూస్తారు. ఖాతాలు టాలీలో, స్టాకు ఎక్సెల్‌లో, డెలివరీ చలాన్లు కార్బన్ పెట్టి రాసే పుస్తకాల్లో ఉంటాయి. కొంత మెటీరియల్ వీళ్ళే కొంటారు, కొంత హోసూరులోని పెద్ద కస్టమరు పంపిస్తాడు. టర్నింగ్ (లేత్ మీద కోత) అయ్యాక సరుకు హీట్ ట్రీట్‌మెంటుకు ఒకచోటికి, జింక్ ప్లేటింగుకు కామాక్షిపాళ్యకు వెళ్ళి తిరిగొస్తుంది. మొన్న ఆ కస్టమరు 1,180 పీసుల లెక్క తేలలేదంటూ 3.4 లక్షలకు డెబిట్ నోట్ (ఆ మేరకు ఇవ్వాల్సిన డబ్బులో కోత పెట్టే కాగితం) పంపాడు. చలాన్ పుస్తకాలన్నీ తిరగేసినా ఆ పీసులు ఎక్కడ తప్పాయో చూపించలేకపోయారు.

దాంతో ఇంట్లో నాలుగు మాటలు మొదలయ్యాయి. వైట్‌ఫీల్డులో ఐటీ ఉద్యోగం చేసే మరిది, "మన పని ఏ ప్యాకేజీలోనూ ఇమడదు వదినా, నా ఫ్రెండు 8 లక్షలకు నాలుగు నెలల్లో బిల్లింగుతో సహా మొత్తం రాసిస్తాడు" అంటున్నాడు. రెడీమేడ్ ప్యాకేజీవాళ్ళు యూజరుకు నెలకు 1,800 చొప్పున 9 మందికి, పెట్టి నేర్పినందుకు ఇంకో 3 లక్షలు అడిగారు. ఈఆర్‌పీనెక్స్ట్ అనే వ్యాపార సాఫ్ట్‌వేరును తమ పనికి తగ్గట్టు మార్చి ఇస్తామని ఇంకొకరు 6.5 లక్షలు, రెండో ఏడాది నుంచి ఏటా 1.2 లక్షల ఏఎంసీ (నిర్వహణ రుసుము), సర్వరుకు నెలకు 4,000 చెప్పారు. మామగారు 19 ఏళ్ళుగా ఉన్న అకౌంటెంటు మాట మీద "టాలీ ఉండగా ఇవన్నీ దేనికి" అంటున్నారు. "ఏది ఎంచుకోవాలి? మరిదిని నొప్పించకుండా కాదనడం ఎలా? బీకాం చదివిన నా మాట ఇద్దరు ఇంజినీర్ల మధ్య చెల్లుతుందా?" అని అడుగుతున్నారు.

మీ ఇంట్లో నలుగురూ ఒకే ప్రశ్నకు నాలుగు జవాబులు చెబుతున్నారని మీరు అనుకుంటున్నారు. నిజానికి ఎవరి ప్రశ్న వారిదే. మామయ్యగారు ఖాతాల గురించి మాట్లాడుతున్నారు. మరిది మెటీరియల్ లెక్క గురించి మాట్లాడుతూ ఖాతాలను కూడా అందులో కలిపేస్తున్నాడు. ప్యాకేజీవాళ్ళు తమ దగ్గరున్నదంతా అమ్ముతున్నారు. మీకు దెబ్బ తగిలింది మాత్రం ఒక్కచోటే, సరుకు మీ గేటు దాటి వెళ్ళి మళ్ళీ గేటు లోపలికి వచ్చేలోపు. ముందు దాన్ని విడదీసి చూద్దాం.

ఒక పార్టు తీసుకోండి. 25 మి.మీ. రౌండ్ బార్, 3 మీటర్ల పొడవు. వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది, మీవారికి ఇది నోటి లెక్క. 625ను 162తో భాగిస్తే 3.86, అంటే బారు 11.57 కిలోలు. పార్టు పొడవు 60 మి.మీ., పార్టింగ్ టూలు తినేది 3, ఫేసింగుకు 1, మొత్తం 64. చక్‌లో మిగిలే తోక 80 మి.మీ. పోతే బారుకు 45 పీసులు. పూర్తయిన పీసు 180 గ్రాములైతే 8.1 కిలోలు సరుకు, మిగిలిన 3.47 కిలోలు చిప్స్, తోకముక్క. మెటీరియల్ కిలోల్లో వచ్చింది, పీసుల్లోకి మారింది. హీట్ ట్రీట్‌మెంటువాడు మళ్ళీ కిలోల్లో తీసుకుని కిలోల్లో ఇస్తాడు. ప్లేటింగు నుంచి వచ్చేటప్పుడు బరువు కాస్త పెరుగుతుంది. 8 మైక్రాన్ల జింకు పూతకు ఈ సైజు పీసు మీద గ్రాములో మూడో వంతు దాకా చేరుతుంది. 500 పీసులకు అది సుమారు 150 గ్రాములు, దాదాపు ఒక పీసు బరువు. దానికి తోడు, ఖాళీ బిన్ 2 కిలోలని చలానులో రాస్తారు, నూనె, చిప్స్ పట్టి అది నిజానికి 2.4 ఉంటుంది. ఆ 0.4 కిలోలు పీసుల కింద లెక్కలోకి వస్తే రెండు పీసులు ఎక్కువ వచ్చినట్టు మీరు రాసుకుంటారు. చలానుకు రెండు పీసులు, రోజుకు రెండు చలాన్లు, ఏడాదికి 300 పనిరోజులు. మొత్తం 1,200.

మీ 1,180 పీసులు ఇలాగే పోయాయని నేను చెప్పలేను. కానీ ఎవరో దొంగిలించారని అనుకునే ముందు ఈ దారి వెతకండి. డెబిట్ నోట్‌కు ఇప్పుడే ఒప్పుకోకుండా, ఆ పార్టుకు ఏడాది చలాన్లన్నీ ఒక వరుసలో పెట్టి, బరువు ఎక్కడ పీసులుగా మారిందో గుర్తించి, వాళ్ళ స్టోర్స్‌తో కలిసి సరిచూసుకుందామని రాతపూర్వకంగా అడగండి. ఇంకో మాట, ఇలాంటి తేడాను ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు. బిన్‌కు నంబరు వేసి, ఖాళీ బరువు దాని మీదే పెయింటుతో రాసి, నెలకోసారి మళ్ళీ తూచడం మనుషులు చేయాల్సిన పని. అది మొదలుకాకుండా 8 లక్షలు పెట్టినా 13 లక్షలు పెట్టినా తప్పు అంకె స్క్రీను మీద మరింత వేగంగా కనిపిస్తుంది, అంతే.

మీ మాట చెల్లుతుందా అని అడిగారు. పైన రాసిన ఈ లెక్కలో ఏ మెట్టు దగ్గర ఏ కాగితం పుడుతుందో మీ ఇంట్లో మీకొక్కరికే తెలుసు. సిస్టమ్ ఎలా ఉండాలో రాసే కాగితం మీ చేతి నుంచే రావాలి. కోడు ఎవరు రాస్తారన్నది ఆ తర్వాతి సంగతి.

ఇక నా మొదటి అభిప్రాయం చెబుతాను, దీంట్లో నాకు సందేహం లేదు. ఖాతాలు, జీఎస్టీ సొంతంగా రాయించకండి. మీ టర్నోవరు 5 కోట్లు దాటింది కాబట్టి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు, తప్పనిసరి. 10 కోట్లు దాటినవాళ్ళు ఇన్వాయిస్ తేదీ నుంచి 30 రోజుల్లోపు దాన్ని పోర్టల్‌కు ఎక్కించాలన్న నిబంధన 2025 ఏప్రిల్ 1న వచ్చింది. 2025 సెప్టెంబరు 22న పన్ను శ్లాబులే మారిపోయాయి. ఇలాంటి ప్రతి మార్పుకూ ప్యాకేజీ కంపెనీలు వేలమంది కస్టమర్ల కోసం ఒకసారి పని చేస్తాయి. మీ మరిది ఫ్రెండు మీ ఒక్కరి కోసం చేయాలి, అదీ ఆ తేదీ లోపల. పైగా మీరిప్పుడు కంపెనీ. ఖాతాల సాఫ్ట్‌వేరులో ప్రతి ఎంట్రీని ఎవరు ఎప్పుడు మార్చారో చూపే ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. ఇది 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు వర్తిస్తోంది, ఆడిటరు తన రిపోర్టులో దాని గురించి రాయాలి. నాలుగు నెలల్లో రాసిన బిల్లింగ్ మాడ్యూలులో ఇది ఉందా అని మీ మరిదిని అడగండి. మంచి ఇంజినీరైతే ఆ ప్రశ్నతోనే వెనక్కి తగ్గుతాడు.

అందుకే మామయ్యగారి మాటలో సగం నిజం ఉంది. ఖాతాలకు టాలీ ఉండనివ్వండి. టాలీప్రైమ్‌లో జాబ్ వర్క్ (ఒకరి సరుకు మీద ఇంకొకరు పని చేసివ్వడం) లెక్క కూడా ఉంది. ఎఫ్11 సెట్టింగుల్లో జాబ్ ఆర్డర్ ప్రాసెసింగ్ ఆన్ చేస్తే మెటీరియల్ ఇన్, మెటీరియల్ అవుట్ వోచర్లు కనిపిస్తాయి. ఐటెముకు ప్రత్యామ్నాయ యూనిట్ పెట్టి పీసు, కిలో రెండూ చూసుకోవచ్చు. మీవి పది, పన్నెండు పార్టులే అయితే ఇదే చాలనేవాణ్ని. కానీ ఒకే బ్యాచ్ టర్నింగ్, హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్, ఇన్‌స్పెక్షన్ అంటూ నాలుగు మెట్లు దాటేటప్పుడు ఏ మెట్టులో ఎన్ని ఉన్నాయో స్టోర్స్ కుర్రాడు తనంతట తాను ఎక్కించి చూసుకోవాలంటే ఇబ్బంది. టీడీఎల్ (టాలీ సొంత ప్రోగ్రామింగ్ భాష) రాయించి నెట్టుకురావచ్చు, కానీ అప్పుడు భారమంతా మళ్ళీ అకౌంటెంటు కంప్యూటరు మీదే పడుతుంది. టాలీతో ఆగిపోతే ఖర్చు అతి తక్కువ, ఇంట్లో గొడవా ఉండదు. లెక్క మాత్రం రెండు రోజులు ఆలస్యంగానే తెలుస్తుంది.

మరిది మాటలోనూ సగం నిజం ఉంది. కస్టమరు మెటీరియల్, మీ సొంత మెటీరియల్ ఒకే గ్రేడు, ఒకే సైజైనా కలవకూడదు. మీ సొంత సరుకును హీట్ ట్రీట్‌మెంటుకు పంపితే జీఎస్టీ లెక్కలో ప్రిన్సిపల్ (పనికి సరుకు పంపిన యజమాని) మీరే. మీ టర్నోవరుకు ఆరు నెలలకోసారి ఐటీసీ-04 (జాబ్ వర్కుకు పంపిన సరుకు వివరాల ఫారం) వేయాలి, ఏడాది లోపల సరుకు వెనక్కి రాకపోతే పంపిన రోజే అమ్మినట్టు లెక్కగట్టి వడ్డీతో పన్ను కట్టాలి. హోసూరు సరుకుకు ప్రిన్సిపల్ వాళ్ళు. ఆ ఫారం వాళ్ళు వేస్తారు, ఆ సరుకునే మీరు కామాక్షిపాళ్యకు పంపినప్పుడు వాళ్ళ చలానుతో ముడి తెగకూడదు. హోసూరు తమిళనాడు కాబట్టి వాళ్ళు మీకు జాబ్ వర్కుకు పంపే సరుకు విలువ 50,000 లోపున్నా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు పోర్టల్‌లో తీసే పత్రం) ఉండాల్సిందే. ఇవన్నీ కలిసిన పని సాధారణ ట్రేడింగ్ ప్యాకేజీలో ఇమడదు, అక్కడ మీ మరిది సరిగానే చూశాడు. అయితే ఇమడకపోయింది చలాన్ల చుట్టూ ఉన్న ఈ కాస్త భాగమే. మొత్తం కాదు.

సొంతంగా రాయిస్తే ఈ చిన్న భాగమే రాయించండి. గేటు దగ్గర రాక, బయటికి పంపే చలాను, తిరిగి రాక, రిజెక్షన్, స్క్రాప్, పార్టీవారీ నిల్వ. ఇన్వాయిస్ మాత్రం టాలీలోనే పుట్టాలి. టాలీ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్ళు తీసుకుంటుంది కాబట్టి రెండింటినీ కలపడం కష్టం కాదు. ఇది 8 లక్షల పని కాదు, అందులో మూడో వంతు పని. కానీ ఫ్రెండయినా సరే, కాగితం రాసుకోవాలి. మన కాపీరైట్ చట్టంలో ప్రోగ్రాము కూడా రచనతో సమానం. బయటివాడు డబ్బు తీసుకుని రాసినా, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే హక్కు అతనిదే. బదిలీ కాగితంలో కాలం రాయకపోతే 5 ఏళ్ళకే అని, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని చట్టం లెక్కేస్తుంది. ఏడాది లోపల వాడకపోతే ఆ బదిలీ చెల్లదనే నియమం కూడా ఉంది, అది తమకు వర్తించదని ఒప్పందంలోనే రాయించాలి. సోర్స్ కోడు ఉండే ఖాతా, సర్వరు, డొమైను అన్నీ మొదటి రోజు నుంచి కంపెనీ ఈమెయిల్ మీద, కంపెనీ కార్డు మీద ఉండాలి. ఆ అబ్బాయి వేరే ఊరికి ఉద్యోగానికి వెళ్ళిపోతే ఇంకొకడు రెండు వారాల్లో అందుకునేలా ఇంకో మనిషికి కూడా కోడు తెలిసి ఉండాలి. అది దొరకదనుకుంటే ఈ దారి వదిలేయండి. సొంత సాఫ్ట్‌వేరుకు అసలు ధర రాసిన నెలల్లో పడదు, ఆ తర్వాత దాన్ని చూసే మనిషి జీతంలో పడుతుంది.

ఆ లెక్క మీరిచ్చిన అంకెలతోనే ఐదేళ్ళకు చూడండి. రెడీమేడుకు చందా 9.72 లక్షలు, పెట్టినందుకు 3 లక్షలు, కలిపి 12.72. ఈఆర్‌పీనెక్స్ట్‌కు 6.5 లక్షలు, నాలుగేళ్ళ ఏఎంసీ 4.8, సర్వరు 2.4, కలిపి 13.7. మొత్తం సొంతంగా రాయిస్తే 8 లక్షలు, సర్వరు 2.4, నాలుగు నెలల తర్వాత నుంచి చూసుకునేవాడికి నెలకు 25,000 అనుకున్నా 14 లక్షలు, కలిపి 24 దాటుతుంది. జీఎస్టీ వేరు, అది ఇన్‌పుట్ క్రెడిట్ కింద మీకు తిరిగొస్తుంది. ఈ మూడింటిలోనూ లేని ఖర్చు ఇంకొకటుంది, మీ నాలుగైదు నెలల సాయంత్రాలు. అది ఏ దారిలోనూ తప్పదు.

ఈఆర్‌పీనెక్స్ట్ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీ పనికి దగ్గరగా వచ్చేది అదేనని నాకనిపిస్తోంది. కస్టమరు ఇచ్చిన ఐటెమ్ అని గుర్తు పెట్టడం, సబ్‌కాంట్రాక్టింగ్ ఆర్డర్, బ్యాచ్ నంబర్లు అందులో ముందే ఉన్నాయి. జీఎస్టీకి ఇండియా కంప్లయన్స్ అనే యాప్ విడిగా ఉంది. సాఫ్ట్‌వేరు ఓపెన్ సోర్స్, అంటే కోడు అందరికీ తెరిచి ఉంటుంది, కాబట్టి ఇన్‌స్టాల్ చేసినవాళ్ళతో చెడినా ఇంకొకరి దగ్గరికి వెళ్ళొచ్చు. ఇక్కడ ప్రమాదం వేరు, అది కస్టమైజేషన్ అనే మాటలోనే ఉంటుంది. మీరు అడిగే ప్రతి మార్పూ ఏ కోవలోకి వస్తుందో వాళ్ళ చేత రాయించుకోండి. సెట్టింగు మారిస్తే అయ్యేది, కొత్త గడి చేర్చితే అయ్యేది, ప్రింట్ ఫార్మాటు, విడి యాప్‌లో రాసే స్క్రిప్టు, అసలు కోడునే మార్చాల్సింది. చివరి కోవకు ఒప్పుకోకండి. అసలు కోడు మారిస్తే తర్వాతి వెర్షనుకు వెళ్ళినప్పుడల్లా ఆ మార్పులు మళ్ళీ చేతితో అతికించాలి. దానికి భయపడి పాత వెర్షనులోనే ఉండిపోతే కొత్త జీఎస్టీ మార్పులు అందవు. 6.5 లక్షల్లో కొత్త గడులకు ఎంత, స్క్రిప్టులకు ఎంత అని విడగొట్టమంటే కోటేషను తగ్గినా ఆశ్చర్యం లేదు. వాళ్ళు మీ కోసం రాసే యాప్ హక్కులకూ పైన చెప్పిన కాగితమే అవసరం.

రెడీమేడ్ ప్యాకేజీ తీసుకుంటే తొందరగా మొదలవుతుంది, అడిగేందుకు ఒక ఆఫీసు ఉంటుంది. చిక్కు యూజరు లెక్కన ధర కట్టడంలో ఉంది. డబ్బు మిగులుతుందని స్టోర్స్‌లో ముగ్గురు ఒకే లాగిన్ వాడటం మొదలుపెడతారు, ఎవరు ఎక్కించారో తెలియదు, మళ్ళీ డెబిట్ నోట్ వస్తుంది. సంతకం పెట్టేముందు రెండు అడగండి. రెన్యువల్‌కు ధర ఎంతకు మించి పెంచరో, వదిలేసిన రోజు మొత్తం డేటా చలాన్ నంబర్లతో సహా ఏ ఫైలుగా ఇస్తారో. డెమో రోజే ఆ ఫైలు తీసి చూపించమనండి.

డెమో అంటే వాళ్ళ సరుకు వాళ్ళు చూపించడం కాదు. మీ పాత చలాన్లలో చిక్కువి ఐదు తీసుకెళ్ళండి. కిలోల్లో వచ్చి పీసుల్లో వెళ్ళింది ఒకటి. ప్లేటింగు నుంచి మూడు విడతలుగా తిరిగొచ్చింది ఒకటి. 7 పీసులు రిజెక్టయి మళ్ళీ రీవర్కుకు వెళ్ళింది, రద్దయి మళ్ళీ రాసింది, రెండు పార్టీల ఒకే గ్రేడు బార్ ఒకే రోజు వచ్చింది. వాళ్ళనే ఎక్కించమని, చివర్లో "ఈ క్షణాన హోసూరువాళ్ళవి ఎక్కడెక్కడ ఎన్ని?" అని అడగండి. మరిది ఫ్రెండుకూ ఇదే పరీక్ష పెట్టండి, కోడు లేకపోయినా కాగితం మీద టేబుళ్ళు గీసి చూపించాలి. ఐదింటిలో నాలుగు సెట్టింగులతోనే సాగిపోతే కొనండి. రెండు మూడు ఇరుక్కుంటే మార్పించుకునేదాన్ని తీసుకోండి. ఎవరి దగ్గరా ఒక్కటీ సాగకపోతేనే రాయించే మాట ఎత్తండి.

మరిదితో మాట్లాడేటప్పుడు "వద్దు" అని మొదలుపెట్టకండి. ఆ ఐదు చలాన్లు అతని ముందు పెట్టి, "ఇవి ఎవరి దగ్గర సరిగా నడుస్తాయో నువ్వే పరీక్ష చేసిపెట్టు" అనండి. ఒప్పందంలో హక్కుల పేరా, సర్వరు ఖాతాలు, వారం వారం బ్యాకప్ నిజంగా తిరిగి తెరుచుకుంటోందా అన్నది చూడటం, టాలీతో లింకు, ఇవన్నీ అతనికి చేతనైన పనులు, మీకూ మీవారికీ చేతకానివి. పని దక్కిన మనిషి మాట కాదన్నారని నొచ్చుకోడు. ఫ్రెండుకు 8 లక్షల పని చెబుతానని మాట ఇచ్చేసి ఉంటే మాత్రం అది అతనికి ఇబ్బందే. అప్పుడు చలాన్ల భాగమొక్కటి, రెండు నెలల గడువుతో, డబ్బు మూడు విడతల్లో ఇచ్చేలా మాట్లాడటం మధ్యే మార్గం. దాంట్లో డబ్బు పోయినా తట్టుకునేంతే పోతుంది. అకౌంటెంటుగారికి టాలీ తీసేయడం లేదని మామయ్యగారి నోటితోనే చెప్పించండి. ఆయన భయం అదే అయి ఉంటుంది. 19 ఏళ్ళ ఐటెమ్ పేర్లు ఆయన తలలో ఉన్నాయి, ఆయన సాయం లేకుండా మాస్టరు (ఐటెముల అసలు జాబితా) శుభ్రం కాదు.

ఆ మాస్టరు పని ఇప్పుడే మొదలుపెట్టండి, ఏ దారి పట్టినా ఉపయోగపడుతుంది. టాలీలో "ఈఎన్8 25", "ఈఎన్-8 25ఎంఎం", "25 రౌండ్ ఈఎన్8" అని మూడుచోట్ల ఉన్న ఒకే బారును ఒకటి చేయడం, ప్రతి పార్టుకూ డ్రాయింగ్ నంబరు, రివిజను, పీసు బరువు, పీసుకు పట్టే మెటీరియల్ రాయడం. పైన చెప్పిన పార్టుకైతే అది 0.257 కిలోలు, 180 గ్రాములు కాదు. ఇక్కడ తప్పు రాస్తే చిప్స్ మొత్తం మాయమైన మెటీరియల్‌గా కనిపిస్తుంది. హోసూరు పార్టుల్లో ఎక్కువ తిరిగే ఒకటి ఎంచుకుని, 30 రోజులు ఎక్సెల్‌లోనే, మెట్టు మెట్టుకూ ఒక గడి పెట్టి, సాయంత్రానికల్లా రాసి చూడండి. సాయంత్రం రాయడం కుదరడం లేదని తేలితే, అది ఎందుకు కుదరడం లేదో తెలుసుకున్నాకే ఎవరికైనా అడ్వాన్సు ఇవ్వండి.

మారే రోజు మార్చి నెలలో పెట్టుకోకండి, ఇయర్ ఎండింగులో ఎవరికీ ఊపిరాడదు. అక్టోబరు ఒకటో తేదీ మీకు బాగా కుదురుతుంది, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఐటీసీ-04 పాత పుస్తకాల నుంచే ముగుస్తుంది, దాని గడువు అక్టోబరు 25. ముందు ఆదివారం మెషీన్లు ఆపి, మీ దగ్గరున్నదే కాకుండా హీట్ ట్రీట్‌మెంటు, ప్లేటింగువాళ్ళ దగ్గరున్నదీ లెక్కపెట్టి వాళ్ళ సంతకం తీసుకోండి. చలాన్లకు కొత్త సిరీస్ పెట్టండి, నంబరు మొత్తం 16 అక్షరాలు దాటకూడదు. పాత చలాను మీద బయట ఉన్న సరుకు పాత నంబరుతోనే తిరిగి రావాలి కాబట్టి తెరిచి ఉన్న ప్రతి పాత చలానునూ కొత్త సిస్టములో అదే నంబరుతో, అదే తేదీతో ఎక్కించండి. ఒక నెల రెండూ నడపండి, కార్బన్ పుస్తకం గేటు దగ్గరే ఉండనివ్వండి.